ఊరు వెలివేసిన ఇల్లే.. నేడు ఊరికి గర్వకారణం

రాజమహేంద్రవరం: పట్టణాన్ని ఒరుసుకుని జీవనది గోదావరి ప్రవహిస్తోంది. అయినప్పటికీ ఒకనాడు ఇక్కడి ఒక ఇంటికి బిందెడు నీళ్లు తెచ్చి పోసే మనిషి కరవయ్యాడు. వంటవారు పని మానివేశారు. బంధువులు గడప తొక్కడం మానుకున్నారు. ఇరుగుపొరుగులు పలకరింపులు సైతం తగ్గించుకున్నారు. ఆ ఇంటివారు చేసిన నేరం ఒక్కటే. భర్తను పోగొట్టుకున్న ఒక బాలికకు తమ ఇంట రెండవసారి పెళ్లి జరిపించడం. 1881 డిసెంబరు 11న జరిగిన ఆ వివాహంతో ఊరు వెలివేసిన ఆ ఇల్లే నేడు పురావస్తు శాఖ సంరక్షణలో స్మారక భవనంగా నిలిచి ఉంది. అదే యుగకర్తగా ఆంధ్రులు గౌరవించే కందుకూరి వీరేశలింగం పంతులు జన్మగృహం.

పాఠ్యపుస్తకాలలో పంతులుగారి జీవితం తేదీలుగా, గ్రంథాల పేర్లుగా కనిపిస్తుంది. ఆయన నివసించిన ఇంటి వైపు నుంచి చూస్తే మరొక చరిత్ర గోచరిస్తుంది. సంస్కరణ ఉపన్యాస వేదికపై మొదలై ఉండవచ్చు. దాని మూల్యం మాత్రం ఈ ఇంటి వంటగదిలోనూ, నీళ్ల బిందెల దగ్గరా చెల్లించవలసి వచ్చింది. ఆ మూల్యంలో అధిక భాగం చెల్లించినది ఇంటి యజమాని కాదు, ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మ.

తాత పేరు.. పెదనాన్న పెంపకం

కందుకూరి వారి పూర్వికులు కందుకూరు నుంచి వలస వచ్చినందున ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. 1848 ఏప్రిల్ 16న సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు వీరేశలింగం జన్మించారు. తాతగారి పేరే మనుమడికి పెట్టారు. పిల్లవాడికి నాలుగేళ్లు నిండేసరికి తండ్రి మరణించారు. పెదనాన్న వెంకటరత్నం బాలుని చేరదీసి సొంత బిడ్డవలె పెంచారు. తండ్రి లేని పిల్లవాడు, చిన్న వయసులోనే భర్తను కోల్పోయిన తల్లి.. ఒక ఇంటి మగదిక్కు పోతే ఆ ఇంటి ఆడవారి బతుకు ఏమవుతుందో తెలుసుకోవడానికి వీరేశలింగం వేరే ఊరు వెళ్లవలసిన అవసరం లేకపోయింది.

బాల్యం నుంచి ఆయనది బలహీనమైన శరీరం. శైశవంలోనే మశూచి సోకింది. దగ్గు, ఉబ్బసం జీవితాంతం వదలలేదు. చిన్ననాట దైవభక్తి, మంత్రాలపై నమ్మకం మెండుగా ఉన్న బాలుడే పెరిగి పెద్దయ్యాక దయ్యాలు, శకునాలు నిజమో కాదో తేల్చుకోవాలని స్వయంగా పరీక్షలకు దిగాడు. అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్లి చూశాడు. చెడు శకునమని పెద్దలు వారించిన వేళలోనే ప్రయాణమై బయలుదేరాడు. ఏ కీడూ జరగలేదు. విన్నదానిని విన్నట్లు నమ్మక, చేసి చూసి నిర్ణయించుకోవడం ఆయనకు అలా అలవడింది.

కాతేరు నుంచి కోడలు

1861లో వీరేశలింగానికి వివాహం జరిగింది. వరుడికి పదమూడేళ్లు. వధువు ఆయనకంటే చిన్నది. పట్టణానికి చేరువలోనే ఉన్న కాతేరు గ్రామం ఆమె పుట్టిల్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు బాపమ్మ. కాలక్రమంలో రాజ్యలక్ష్మి అన్న పేరుతో ప్రసిద్ధి పొందారు. బాల్యవివాహాలను జీవితాంతం ఖండించిన మహనీయుడు తానూ బాల్యవివాహం చేసుకున్నవాడే కావడం ఆ కాలపు పరిస్థితికి నిదర్శనం. అయితే ఆ దాంపత్యం అర్ధశతాబ్ది కాలం సాగింది. భర్త వద్దనే ఆమె చదువు నేర్చుకున్నారు. భర్త పట్టిన ప్రతి పనిలోనూ సగపాలు మోశారు.

1869లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులైన వీరేశలింగానికి సర్కారు కచేరీలలో కొలువు దొరికే అవకాశం ఉండేది. కచేరీ ఉద్యోగమంటే లంచం తప్పదని గ్రహించి ఉపాధ్యాయ వృత్తినే ఎంచుకున్నారు. కొంతకాలం కోరంగి పాఠశాలలో పనిచేశారు. అక్కడి నుంచి రాజమహేంద్రవరానికి దక్షిణాన ఉన్న ధవళేశ్వరం వచ్చారు. 1874లో అక్కడే బాలికల కోసం పాఠశాల ప్రారంభించారు. ఆడపిల్లలకు చదువెందుకని ప్రశ్నించే రోజులవి. అదే ఏడాది అక్టోబరులో వివేకవర్ధని పత్రికను స్థాపించారు. కొద్దికాలానికే సొంత ముద్రణాలయం కూడా సమకూర్చుకున్నారు. ఉద్యోగుల లంచగొండితనం, కోర్టుల చుట్టూ అల్లుకున్న అక్రమాలు, భోగం మేళాల వేడుకలు, కన్యాశుల్కం.. వివేకవర్ధని వదిలిపెట్టిన దురాచారం లేదు.

అనంతరం రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితునిగా నియమితులై సొంత పట్టణానికి తిరిగి వచ్చారు. 1880లో ఆయన వ్యవహార ధర్మబోధిని విద్యార్థులచే ప్రదర్శింపజేశారు. తెలుగు నాటక ప్రదర్శనకు అదే నాంది అని చరిత్రకారులు చెబుతారు. అందుకే ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. రాజశేఖర చరిత్రము వివేకవర్ధనిలో ధారావాహికగా వెలువడి 1880లో గ్రంథరూపం దాల్చింది. తెలుగులో తొలినాటి నవలగా దానికి స్థానం దక్కింది.

చట్టం ఉంది.. పెళ్లి లేదు

వితంతువుల పునర్వివాహానికి చట్టబద్ధత కల్పిస్తూ 1856లోనే శాసనం వచ్చింది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషి ఫలితమది. శాసనం వచ్చి పాతికేళ్లు గడుస్తున్నా తెలుగునాట అటువంటి వివాహం జరిపించేందుకు ముందుకు వచ్చినవారు లేరు. చట్టం పెళ్లిని అనుమతిస్తుంది గానీ పెళ్లి జరిపించదు. అందుకు వరుడు కావాలి, వధువు కావాలి, పురోహితుడు కావాలి. వంటవారు, నీళ్లు పోసేవారు, మేళగాళ్లు కావాలి. వీరిలో ఏ ఒక్కరు వచ్చినా మరునాడు వారి కులంవారు వారిని వెలివేస్తారు. పెళ్లయిన తరువాత ఆ జంటకు అద్దెకు ఇల్లు ఇచ్చేవారు ఉండరు. వారి పిల్లలకు సంబంధాలు కలిపేవారు ఉండరు. ఈ చిక్కుముడులన్నీ విప్పనిదే శాసనం కాగితం మీదనే ఉండిపోతుంది.

మరోవైపు సమస్య తీవ్రత నానాటికీ పెరుగుతూనే ఉంది. డబ్బు తీసుకుని పసిపిల్లలను వృద్ధులకు కట్టబెట్టే ఆచారం అగ్రహారాలలో పాతుకుపోయింది. పెళ్లంటే ఏమిటో తెలియని వయసులోనే ఆడపిల్లలు విధవలయ్యేవారు. తల గొరిగించి, ముతక బట్ట కట్టించి, ఒంటిపూట భోజనంతో ఇంటి చాకిరీకి పరిమితం చేసేవారు. శుభకార్యాలకు వారి నీడ కూడా తగలరాదనేవారు. ఇటువంటి బాలికలు బంధువర్గంలో లేని ఇల్లు అరుదు. అయినా వారి గురించి బహిరంగంగా మాట్లాడటానికి ఎవరూ సాహసించలేదు.

1879 ఆగస్టులో వీరేశలింగం ఈ అంశంపై తొలి ఉపన్యాసం చేశారు. శాస్త్రం అంగీకరించదని వాదించే పండితులకు శాస్త్రం నుంచే సమాధానం చెప్పారు. పరాశర స్మృతిని ప్రమాణంగా చూపారు. పండితులు ఖండనలు ప్రకటించారు. ఆయన ప్రతిఖండనలు అచ్చువేశారు. పట్టణంలో సభలు, ప్రతిసభలు జరిగాయి. వాదనలో ఆయనను ఓడించలేనివారు కార్యంలో ఎలాగూ సాధ్యపడదని ధీమాగా ఉన్నారు. మిత్రుడు ఆత్మూరి లక్ష్మీనరసింహం, శిష్యుడు బసవరాజు గవర్రాజు వంటి కొద్దిమంది మాత్రం ఆయన వెంట నిలిచారు. కాకినాడకు చెందిన వర్తక ప్రముఖుడు పైడా రామకృష్ణయ్య ఈ కార్యానికి వేలాది రూపాయలు అందించి ఆర్థికంగా అండగా నిలబడ్డారు.

1881 డిసెంబరు 11

చివరకు ఒక వరుడు, ఒక వధువు సిద్ధపడ్డారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ. విషయం ముందుగా పొక్కితే బంధువులు అడ్డుపడతారు గనుక ఆ బాలికను ఆమె ఊరి నుంచి రాజమహేంద్రవరానికి గుట్టుగా చేర్చవలసి వచ్చింది. వారు వచ్చి చేరిన తరువాత పట్టణం అట్టుడికింది. పెళ్లిని ఆపేందుకు ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. ఏ సత్రంలోనో, దేవాలయంలోనో జరిపించే వీలు లేదు. పంతులుగారి ఇల్లే కల్యాణ మండపమైంది.

కళాశాల విద్యార్థులు ఇంటి చుట్టూ కాపలా నిలిచారు. పోలీసు బందోబస్తు ఏర్పాటైంది. డిసెంబరు 11న వేదమంత్రాల నడుమ గౌరమ్మ మెడలో శ్రీరాములు తాళి కట్టారు. తెలుగునాట సంస్కరణోద్యమం ఫలితంగా జరిగిన తొలి వితంతు పునర్వివాహంగా అది చరిత్రకెక్కింది. ఊరు తేరుకునేలోగా నాలుగు రోజుల వ్యవధిలోనే డిసెంబరు 15న రెండవ వివాహం కూడా జరిగింది. ఒక్క పెళ్లి అయితే ఏదో పొరపాటుగా జరిగిపోయిందనుకుని ఊరుకునేవారు. రెండవది జరగడంతో ఇది ఆగే పని కాదని ఊరివారికి అర్థమైంది.

వెలి పడిన గడప

పెళ్లిపందిరి తీసిన తరువాతే అసలు పరీక్ష మొదలైంది. పీఠాధిపతి నుంచి బహిష్కార ఆజ్ఞ వెలువడింది. వివాహాలకు హాజరైనవారు, వారితో కలిసి భోజనం చేసినవారు వెలికి గురయ్యారు. ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టిన మిత్రులలో కొందరు బంధువుల ఒత్తిడికి తలొగ్గి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. ఇంట్లో శుభమైనా అశుభమైనా పురోహితుడు రావాలి, నలుగురు బంధువులు కలవాలి. అందుకు వెలి అడ్డుపడితే సామాన్య సంసారి తట్టుకోలేడు. అలా వెనుకడుగు వేసినవారిని దోషులుగా చూడటం కంటే ఆ శిక్ష ఎంత బలమైనదో గ్రహించడం సముచితం.

పంతులుగారి ఇంట వంట చేసేవారు వెళ్లిపోయారు. నీళ్లు మోసేవారు వెళ్లిపోయారు. నాటి సంప్రదాయ కుటుంబాలలో ఈ రెండు పనులూ చేసేవారు లేకపోతే ఇల్లు గడవడమే కష్టం. పైగా అది భార్యాభర్తలు ఇద్దరే ఉండే ఇల్లు కాదు. కొత్తగా పెళ్లయిన జంటలు, ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లలు, రాకపోకలు సాగించే విద్యార్థులతో నిండిన ఇల్లు. అందరికీ అన్నం వండాలి. అందరికీ నీళ్లు కావాలి.

అప్పటికి ముప్పై ఏళ్ల వయసున్న రాజ్యలక్ష్మమ్మ బిందె చంకన పెట్టుకుని గోదావరికి నడిచారు. రేవులో తోటి స్త్రీల సూటిపోటి మాటలను మౌనంగా భరించారు. నీళ్లు తెచ్చారు. వంట చేశారు. వడ్డించారు. భర్తను విడిచి రమ్మని బంధువులు చెప్పిన మాటను ఆమె చెవిన పెట్టలేదు. ఒకవేళ ఆ సమయంలో ఆమె పుట్టింటికి వెళ్లిపోయి ఉంటే ఆ ఇంట మూడవ పెళ్లి జరిగేది కాదేమో. శాస్త్ర ప్రమాణాలు పంతులుగారి వద్ద ఎన్ని ఉన్నా, పందిరి కింద కూర్చున్నవారికి అన్నం పెట్టే చేయి లేకపోతే పెళ్లి జరగదు. ఊరు విధించిన వెలి ఆ ఇంటి వంటగది దగ్గర ఓడిపోయింది.

ఆమె సేవ అక్కడితో ఆగలేదు. మోసపోయి గర్భవతులైన వితంతువులను సమాజం నూతుల్లోకి, గోదావరిలోకి తరుముతున్న కాలంలో అటువంటివారికి ఆమె తల్లి అయ్యారు. పురుళ్లు పోశారు. పుట్టిన బిడ్డలను సాకారు. ఆ దంపతులకు సంతానం లేదు. అయినా ఆ ఇంట పిల్లల సవ్వడికి లోటు లేకుండా పోయింది. పునర్వివాహానికి సిద్ధమైన బాలికలకు చదువు చెప్పడం, ధైర్యం నూరిపోయడం కూడా ఆమె బాధ్యతే అయింది.

ఒక పెళ్లి నుంచి ఉద్యమం దాకా

తొలి రెండు వివాహాల అనంతరం క్రమంగా మరికొన్ని జరిగాయి. పంతులుగారు తమ జీవితకాలంలో సుమారు 40 వితంతు వివాహాలు జరిపించారు. సంఖ్యగా చూస్తే అది చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ప్రతి వివాహం వెనుకా వధువును రప్పించడం, వారిని కొంతకాలం పోషించడం, వరుడికి ఉద్యోగం చూడటం, ఊరి ఆగ్రహం నుంచి కాపాడటం వంటి బాధ్యతలు ఉండేవి. ఉపాధ్యాయుని జీతం, గ్రంథాలపై వచ్చిన ఆదాయం ఇందుకే ఖర్చయ్యేవి. దాతల సహాయం తగ్గిన వేళలో అప్పుల భారం కూడా తప్పలేదు.

ఈ ఒత్తిళ్ల నడుమనే ఆయన కలం నిరంతరాయంగా సాగింది. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక ప్రారంభించారు. ప్రహసనాలతో దురాచారాలను నవ్వులపాలు చేశారు. ఆంధ్ర కవుల చరిత్రము రచించి తెలుగు సాహిత్య చరిత్రకు పునాది వేశారు. పండితులకే పరిమితమైన గ్రాంథిక వచనాన్ని సామాన్య చదువరి అందుకోగల స్థాయికి తెచ్చారు. వంద పైచిలుకు గ్రంథాలు ఆయన కలం నుంచి వెలువడ్డాయి. వెలికి గురైన నాడు బంధువులతో సభలు జరుపుకొనేందుకు చోటు దొరకని మనిషి 1890లో సొంత ఖర్చుతో పట్టణానికి పురమందిరం కట్టించి ఇచ్చారు. ఏ అభిప్రాయం కలవారైనా నలుగురూ కూర్చుని మాట్లాడుకునేందుకు ఒక చోటు ఉండాలన్నది ఆయన ఆశయం.

1893లో ప్రభుత్వం రావుబహదూర్ బిరుదుతో సత్కరించింది. తరువాత నివాసం మద్రాసుకు మారింది. 1898లో అక్కడ జరిగిన జాతీయ సాంఘిక సంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించారు. 1899లో ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితునిగా చేరారు. మద్రాసులోనూ వితంతు శరణాలయం నడిపారు. విద్యాసాగరునితో పోల్చి దక్షిణదేశ విద్యాసాగరుడని పెద్దలు కొనియాడారు. ఎన్ని గౌరవాలు దక్కినా ఉద్యోగ విరమణ అనంతరం ఆయన తిరిగి చేరింది గోదావరి తీరానికే.

ఉన్నదంతా ఊరికే..

రాజమహేంద్రవరం శివారులో అప్పటికే ఆయన తోట ఒకటి సిద్ధం చేసుకున్నారు. ఆనందోద్యానంగా పేరొందిన ఆ ప్రదేశంలో వితంతు శరణాలయం, ప్రార్థనా మందిరం వెలిశాయి. 1906 డిసెంబరు 15న హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ యావదాస్తినీ దానికి సమర్పించారు. వారసులు లేనివారు దత్తత తీసుకోవడం ఆనాటి ఆచారం. ఆస్తిని ఊరి ఆడపిల్లల చదువుకు, దిక్కులేని వితంతువుల పోషణకు రాసివేయడం ఈ దంపతులు ఎంచుకున్న మార్గం. భార్య సమ్మతి, సహకారం లేకుండా అటువంటి నిర్ణయం సాధ్యపడేది కాదు.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మ అకస్మాత్తుగా కన్నుమూశారు. దాదాపు యాభై ఏళ్లు తోడునీడగా నిలిచిన సహచరి మరణంతో పంతులుగారు కుంగిపోయారు. ఆమె సమాధి ఆనందోద్యానంలోనే ఉంది. ఆ తరువాతి సంవత్సరాలు ఆయనకు ప్రశాంతంగా గడవలేదు. సన్నిహితులుగా మెలిగిన కొందరితో విభేదాలు ఏర్పడ్డాయి. న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. అనారోగ్యం వెంటాడింది. అయినా రచన మానలేదు. స్వీయ చరిత్రము రెండు భాగాలుగా పూర్తి చేశారు. తెలుగు వచనంలో ఆత్మకథకు బాట వేసిన గ్రంథమది. వెలి నాటి కష్టాలు, వెనుదిరిగిన మిత్రులు, వెంట నిలిచిన భార్య అందులో చోటు చేసుకున్నారు. 1919 మే 27న మద్రాసులో వీరేశలింగం తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 71 ఏళ్లు.

హితకారిణీ సమాజం పేరిట పంతులుగారు నాటిన విత్తనం మరుగునపడలేదు. ఆయన పేరుతో ఎస్కేవీటీ విద్యాసంస్థలు, రాజ్యలక్ష్మమ్మ పేరుతో ఎస్కేఆర్ మహిళా కళాశాల పట్టణంలో ఏర్పడ్డాయి. భర్త దగ్గర చదువు నేర్చుకున్న ఒక ఇల్లాలి పేరుతో గోదావరి జిల్లాల ఆడపిల్లలు డిగ్రీలు పుచ్చుకున్నారు. 1974లో భారత తపాలా శాఖ వీరేశలింగం స్మారక తపాలా బిళ్ల విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ప్రతిష్ఠించిన తెలుగు వెలుగుల విగ్రహాలలో ఆయనకూ స్థానం లభించింది.

ఇల్లు చెప్పే పాఠం

మహనీయుల విగ్రహాలు కూడళ్లలో ఎన్నయినా నిలబెట్టవచ్చు. వారు అన్నం తిన్న చోటు, నిద్రపోయిన చోటు, భయపడిన రాత్రులు గడిపిన చోటు మాత్రం ఒక్కటే ఉంటుంది. ఈ ఇంటి విలువ అందులోనే ఉంది. ఇక్కడికి వచ్చే విద్యార్థులు పంతులుగారి చిత్రపటానికి నమస్కరించి, ఆయన గ్రంథాల పేర్లు రాసుకుని వెళ్తుంటారు. వారికి చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. ఏదైనా దురాచారాన్ని ఎదిరించాలనుకున్నవారికి ఊరు ముందుగా నీళ్లు, నిప్పు బంద్ చేస్తుంది. వాదనకు సమాధానం చెప్పలేనివారు పొయ్యి ఆర్పడానికి చూస్తారు. ఆ పొయ్యి ఆరకుండా చూసుకున్నవారే చివరకు గెలుస్తారు.

కులాంతర వివాహం చేసుకున్న జంటలను నేటికీ కొన్ని ఊళ్లు వెలివేస్తూనే ఉన్నాయి. భర్త చనిపోయిన స్త్రీని శుభకార్యాలలో వెనుక వరుసకు నెట్టే అలవాటు పూర్తిగా పోలేదు. బాల్యవివాహాలను ఆపేందుకు అధికారులు పెళ్లిపందిళ్లకు పరుగులు తీయవలసి వస్తూనే ఉంది. ఈ స్థితిలో 1881 నాటి ఆ ఇంటి కథ పాతబడిపోయిందని అనుకోవడానికి వీలు లేదు.

ఏటా ఏప్రిల్ 16న పంతులుగారి జయంతికి, మే 27న వర్ధంతికి పూలమాలలు పడుతున్నాయి. డిసెంబరు 11 మాత్రం చాలామందికి గుర్తుండదు. గౌరమ్మ మెడలో తాళి పడిన రోజు అది. రాజ్యలక్ష్మమ్మ బిందె పట్టుకుని గోదావరి రేవుకు నడిచిన రోజులకు నాంది కూడా అదే. ఆ తేదీన జిల్లాలోని పాఠశాలల విద్యార్థినులను ఈ ఇంటికి తీసుకువచ్చి, అక్కడ జరిగినది వివరించగలిగితే ఆ దంపతులకు అంతకు మించిన నివాళి ఉండదు.